ఓటు మారే ముందు మాట ఆగిపోతుంది

2024 మే 12, ఆదివారం. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో అనంతపురం, కడప, తిరుపతి బస్సులు ఆగే చోట కాలు పెట్టే సందు లేదు. మడివాళ దగ్గర ప్రైవేటు బస్సుల కోసం బ్యాగులు పట్టుకుని వచ్చినవాళ్లు బాగా పొద్దుపోయేదాకా రోడ్డు పక్కనే నిలబడ్డారు. తెల్లారితే ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. పదిహేడు రోజుల ముందు, ఏప్రిల్ 26న, బెంగళూరులోనే లోక్‌సభ పోలింగ్ జరిగితే నగరంలో ఓటేసినవాళ్లు 54 శాతం అటూ ఇటూగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. నగరంలో ఇంటి పక్క స్కూలుకు వెళ్లి ఓటేయడానికి బద్ధకించే ఊళ్లోంచి, రెండు మూడు వందల కిలోమీటర్లు వెళ్లి ఓటేసి వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు.

టీవీలన్నీ ఆ రద్దీనే చూపించాయి. కానీ ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఆ టీవీ చూసినవాళ్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. సెలవు దొరకక ఆగిపోయినవాళ్లను, పిల్లల పరీక్షలని ఉండిపోయినవాళ్లను పక్కన పెడదాం. సెలవు ఉంది, చేతిలో డబ్బు ఉంది, ఊళ్లో ఓటు ఉంది, అయినా వెళ్లబుద్ధి కానివాళ్లు కొందరు ఉన్నారు. కేఆర్ పురం, మారతహళ్లి, బొమ్మనహళ్లి వైపు తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి మనిషి తప్పకుండా తగులుతాడు. 2019 ఏప్రిల్‌లో సుమో మాట్లాడి, తన ఖర్చుతో డీజిల్ కొట్టించి, పది మందిని ఊరికి తీసుకెళ్లి ఓట్లు వేయించిన మనిషి అతను. 2024లో ‘చూద్దాంలే’ అన్నాడు. అవతలి పార్టీకి ఓటేయడానికి మనసు ఒప్పలేదు. తన పార్టీకి వేయడానికి కాళ్లు కదల్లేదు.

ఒక పార్టీకి దశాబ్దాలుగా ఓటేసినవాడు ఆ పార్టీని వదిలేయడం ఇలాగే మొదలవుతుంది. ముందు వాదించడం మానేస్తాడు. హోటల్ దగ్గర టీ తాగుతూ ఎవరైనా తన నాయకుడిని తిడితే ఒకప్పుడు గ్లాసు కింద పెట్టి మీదికి వెళ్లేవాడు, ఇప్పుడు టీ తాగేసి డబ్బులిచ్చి వచ్చేస్తాడు. తర్వాత వాట్సాప్ గ్రూపును మ్యూట్‌లో పెడతాడు. ఆ తర్వాత పోలింగుకు వెళ్లడం మానేస్తాడు. అవతలి గుర్తు మీద నొక్కడం చివరి మెట్టు, చాలామంది అక్కడిదాకా రారు కూడా. పార్టీలు మాత్రం ఆ చివరి మెట్టునే చూస్తాయి. అంతకు ముందున్న మౌనాన్ని విధేయత అనుకుంటాయి. ఈ పొరపాటు ఎంత ఖరీదైనదో ఆంధ్రప్రదేశ్‌లో గత మూడు ఎన్నికల లెక్కలు చూస్తే అర్థమవుతుంది.

2019లో తెలుగుదేశం ఓడిపోయింది. 175 సీట్లలో 23 వచ్చాయి. ఓట్లు మాత్రం 39.17 శాతం. 2024లో వైఎస్ఆర్ కాంగ్రెస్ ఓడిపోయింది. సీట్లు 151 నుంచి 11కు పడిపోయాయి. ఓట్లు 39.37 శాతం. రెండు ఘోర పరాజయాలు, ఇద్దరికీ మిగిలిన ఓటు దాదాపు ఒకటే. ఈ అంకె చూసి రెండుసార్లూ ఓడిన పక్షం ఒకే మాట చెప్పుకుంది: మన నలభై శాతం చెక్కుచెదరలేదు, అవతలివాళ్లకు గాలి వీచింది, అంతే.

ఈ ఓదార్పు తప్పు. శాతం ఒకటే అయినంత మాత్రాన మనుషులు ఒకటే కారు. ఐదేళ్లలో లక్షల మంది కొత్త ఓటర్లు జాబితాలో చేరతారు, పాతవాళ్లు కొందరు కాలం చేస్తారు, కొందరు ఇల్లు కదలరు. పాత ఇంట్లో ఖాళీ అయిన గదిలోకి కొత్తవాడు అద్దెకు వచ్చినా బయట నుంచి చూసేవాళ్లకు ఇల్లు నిండుగానే ఉంటుంది. ఇంకో సంగతి. వైఎస్ఆర్ కాంగ్రెస్‌కు 2019లో 49.95 శాతం వచ్చాయి. అక్కడి నుంచి 39.37కు దిగిందంటే, నికరంగా చూస్తే తన ఓట్ల శాతంలో దాదాపు ఐదో వంతు పోయిందన్నమాట. ఐదుగురున్న ఇంట్లో ఒకరి మనసు విరిగిందని చెప్పే లెక్క ఇది. మిగిలిన నలుగురి మనసు ఎలా ఉందో ఆ లెక్క చెప్పదు.

బెంగళూరు తెలుగువాళ్లలో ఎక్కువ మందికి మూలాలు రాయలసీమలోనే ఉన్నాయి కాబట్టి అక్కడి అంకెలు విడిగా చూడాలి. సీమలో 52 సీట్లు. 2019లో వైఎస్ఆర్ కాంగ్రెస్ 49 గెలిచింది, తెలుగుదేశానికి కుప్పం, హిందూపురం, ఉరవకొండ మిగిలాయి. 2024లో అదే సీమలో వైఎస్ఆర్ కాంగ్రెస్‌కు ఏడు మిగిలాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో పద్నాలుగుకు పద్నాలుగూ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి పోయాయి. 2019లో పదికి పది ఇచ్చిన ఉమ్మడి కడప జిల్లాలోనే ఏడు చేజారాయి. పార్టీ అంటే ప్రాణం ఇచ్చే సీమలో ఇంత మార్పు రావడం చిన్న విషయం కాదు.

ఎందుకంటే సీమ పల్లెల్లో పార్టీ ఎవరో ఆలోచించి ఎంచుకున్న అభిప్రాయం కాదు. ఇల్లు ఏ వీధిలో ఉంది, పొలం ఎవరి పొలం పక్కన ఉంది, తాతల కాలంలో గొడవ వచ్చినప్పుడు ఎవరి వెంట నిలబడ్డారు, వీటన్నిటినిబట్టి పుట్టగానే పార్టీ వచ్చేస్తుంది. ఫ్యాక్షన్ నడిచిన ఊళ్లలో అయితే పార్టీ అంటే రక్షణ. కేసు పెడితే స్టేషన్‌కు వచ్చేవాడు, గట్టు తగాదా వస్తే పంచాయితీ చేసేవాడు, పెళ్లికి వచ్చి అక్షింతలు వేసేవాడు, అందరూ ఆ పార్టీవాళ్లే. అలాంటి చోట పార్టీ మారడమంటే చుట్టాలను మార్చుకోవడం లాంటిది. బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న హిందూపురం 1983 నుంచి ఒక్కసారి కూడా తెలుగుదేశాన్ని వదల్లేదు. 1989లో కల్వకుర్తి ఎన్టీఆర్‌ను ఓడించినా హిందూపురం గెలిపించింది. ఇలాంటి అనుబంధాన్ని పథకాల లెక్కతోనో, కులం లెక్కతోనో మాత్రమే వివరించడం కుదరదు.

అదే మనిషి బెంగళూరు వచ్చాక ఆ కట్టు కొద్దికొద్దిగా వదులవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 14 శాతం. తరాలుగా ఇక్కడే ఉంటూ కన్నడం, తెలుగు రెండూ ఇంటి భాషలైన కుటుంబాలు ఇందులో ఉన్నాయి. వేరుశెనగ పంట పోయిన ఏడాది కదిరి, ముదిగుబ్బ వైపు నుంచి వచ్చి సెంట్రింగ్ పనిలో కుదిరినవాళ్లు ఉన్నారు. ఐటీ ఉద్యోగాలకు వచ్చినవాళ్లు ఉన్నారు. వీళ్లెవరికీ ఇక్కడ గట్టు తగాదా లేదు. స్టేషన్‌కు తీసుకెళ్లే నాయకుడితో పని లేదు. ఊళ్లో ఎవరి పార్టీకి ఎదురు మాట్లాడలేమో, వాళ్ల పిల్లాడే ఇక్కడ పక్క గదిలో ఉంటాడు. ఇద్దరూ ఒకే క్యాబ్‌లో ఆఫీసుకు వెళ్తారు, ఇంటి అద్దె చెరిసగం వేసుకుంటారు. పార్టీ మీద తిరగబడమని వాళ్లకు ఎవరూ చెప్పరు. అక్కర తీరిపోతుంది, అంతే. అక్కర తీరాక మిగిలేది అభిమానం ఒక్కటే, దానికి నిరుత్సాహం తగిలితే ఆపే అడ్డు ఏదీ లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. ఊళ్లోని పార్టీలు ఇక్కడి పోటీలో లేవు. కాబట్టి ఊళ్లో కళ్లు మూసుకుని ఒకే గుర్తుకు వేసే మనిషి ఇక్కడ ఓటుంటే అభ్యర్థి ముఖం చూస్తాడు, వీధిలో కాలువ సంగతి చూస్తాడు, ట్యాంకర్ నీళ్లకు నెలకు ఎంత పోస్తున్నాడో లెక్కేస్తాడు. ఇంటి ఆస్తి రికార్డు అయిన ఖాతా పని కోసం ఎన్నిసార్లు తిరిగాడో గుర్తుపెట్టుకుంటాడు. కర్ణాటకలో 1985 తర్వాత అధికారంలో ఉన్న ఏ పార్టీనీ ఓటర్లు వరుసగా రెండోసారి గెలిపించలేదు. పార్టీని మార్చడం ద్రోహం కాదన్న అలవాటు ఈ నేలలో ఉంది. పది పదిహేనేళ్లు ఇక్కడ బతికినవాడికి అది అంటకుండా ఉండదు.

మనసు విరగడానికి కారణాలు ఏమిటంటే, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. అయినా బెంగళూరు నుంచి చూసినప్పుడు ఒకటి ప్రత్యేకంగా కనిపిస్తుంది. ఊరు వదిలి వచ్చినవాడికి ఊళ్లో మిగిలేది నాన్న పేరు మీదున్న మూడెకరాలో ఐదెకరాలో. పెన్షన్ వద్దు, రేషన్ వద్దు, ఇంటి స్థలం వద్దు, ఆ భూమి కాగితం ఒక్కటి భద్రంగా ఉంటే చాలు. అటక మీది ట్రంకుపెట్టెలో, పెళ్లిపట్టు చీరల కింద, ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకునే పాస్‌బుక్ అది. భూముల రీసర్వే తర్వాత వచ్చిన కొత్త పాస్‌బుక్ అట్ట మీద అప్పటి ముఖ్యమంత్రి ఫొటో ఉంది. దాని వెంటే భూ హక్కు చట్టం, అంటే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ మీద చర్చ వచ్చింది. తగాదా వస్తే ముందు తేల్చేది అధికారి అన్న మాట ఊళ్లో ఉన్న రైతు కంటే ఊళ్లో లేని రైతు కొడుకును ఎక్కువ భయపెట్టింది. మనం అక్కడ లేనప్పుడు ఎవరైనా ఏదైనా రాసేసుకుంటే? చట్టానికి నమూనా నీతి ఆయోగ్ ఇచ్చిందేనని అప్పటి ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అది నిజమే. కానీ తాత సంపాదించిన భూమి కాగితం మీద నాయకుడి ఫొటో చూసినవాడి కడుపు మంటకు ఆ వివరణ మందు కాలేదు. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఓటరు కోపం ఎక్కడ తగిలిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

రెండో కారణం పార్టీకి పనిచేసిన మనుషులు. ఇక్కడ రెండు పార్టీలూ చేసిన తప్పులు ఒకదానికొకటి తలకిందులుగా ఉన్నాయి. 2014 నుంచి 2019 వరకు జన్మభూమి కమిటీల చేతికి పెన్షన్ల దగ్గర నుంచి ఇళ్ల దాకా అన్నీ అప్పగించారన్న విమర్శ తెలుగుదేశాన్ని వెంటాడింది. ఊళ్లో నలుగురు పెత్తనం చేశారు, మిగతావాళ్లు దూరమయ్యారు. 2019 తర్వాత వైఎస్ఆర్ కాంగ్రెస్ వాలంటీర్లతో ఇంటింటికీ పథకాలు పంపింది. డబ్బు నేరుగా ఖాతాలో పడింది. జనానికి మేలే. కానీ పదేళ్లు జెండా మోసి, కేసులు పెట్టించుకుని, అప్పులు చేసి పార్టీని గెలిపించిన కార్యకర్తకు ఊళ్లో పని లేకుండా పోయింది. ‘అన్నా, మా అమ్మ పెన్షన్ చూడన్నా’ అని అడిగేవాడే లేకపోతే అతన్ని అన్నా అని ఎవరు పిలుస్తారు? బెంగళూరులో ఉన్న ఓటర్లకు ఫోన్లు చేసి, బస్సు టికెట్లు వేసి రప్పించేది ఆ కార్యకర్తే. అతను అలిగితే ఫోన్ మోగదు. పార్టీ పైన ఎంత సర్వేలు చేయించుకున్నా ఆ మోగని ఫోన్ వాళ్ల లెక్కలోకి రాదు.

నాయకుల గోడ దూకుళ్లు మూడో కారణం. 2014 తర్వాత వైఎస్ఆర్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. 2019లో తెలుగుదేశానికి వచ్చింది సరిగ్గా 23. 2019 జులైలో కర్ణాటకలో పదిహేడు మంది ఎమ్మెల్యేల వల్ల కుమారస్వామి ప్రభుత్వం పడిపోయింది. వాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కేఆర్ పురం ఎమ్మెల్యే ఒకరు. కాంగ్రెస్ గుర్తు మీద 2013లో, 2018లో గెలిచిన ఆయనే 2019 డిసెంబరు ఉపఎన్నికలో బీజేపీ గుర్తు మీద గెలిచారు, 2023లోనూ గెలిచారు. కండువా మార్చుకోవడానికి నాయకుడికి ఒక పూట చాలు. అతని కోసం పక్కింటివాడితో మాటలు మానేసిన ఓటరుకు ఆ మాటలు మళ్లీ కలుపుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇలాంటిది రెండుసార్లు చూసినవాడు మూడోసారి ఎవరి కోసమూ పక్కింటివాడిని దూరం చేసుకోడు. ఇది మంచిదేనని ఒప్పుకోవాలి. పార్టీ అభిమానం తగ్గడం వల్ల ఊళ్లో మనుషుల మధ్య కాస్త గాలి ఆడితే బాధపడాల్సింది ఏమీ లేదు.

మనసు విరిగినవాళ్లందరూ కలిసి పార్టీని ముంచేస్తారా? అలా జరగాలంటే వెళ్లడానికి ఇంకో చోటు ఉండాలి. కాంగ్రెస్ చరిత్ర ఈ విషయాన్ని రెండుసార్లు చూపించింది. 1978లో ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా కాంగ్రెస్‌కు 175 సీట్లు వచ్చాయి. ఆ ఐదేళ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అంటూ నలుగురు ముఖ్యమంత్రులను మార్చారు. ఢిల్లీ ఆడించినట్టు ఆడుతున్నారన్న చిరాకు జనంలో ఉంది, కానీ వెళ్లే దారి లేదు. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. 1983 జనవరికల్లా ప్రభుత్వం మారిపోయింది. అంత గాలిలో కూడా కాంగ్రెస్ మూడో వంతు ఓట్లు నిలుపుకుంది. పార్టీ మీద కోపం వచ్చినా పేరు మీద నమ్మకం పోలేదు.

2014లో అలా జరగలేదు. 2009లో 294లో 156 సీట్లు గెలిచిన పార్టీ, రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోని 175లో ఒక్కటీ గెలవలేదు. ఓట్లు మూడు శాతానికి లోపే. 2019లో, 2024లో కూడా సున్నాయే. ఇంత పెద్ద పార్టీ ఇంత తొందరగా ఖాళీ అవడం దేశంలో అరుదు. విభజన కోపం ఒక్కటే ఇందుకు కారణమంటే పూర్తిగా నిజం కాదు. వెళ్లడానికి ఇల్లు అప్పటికే సిద్ధంగా ఉంది. 2009 సెప్టెంబరులో వైఎస్ రాజశేఖరరెడ్డి మరణం తర్వాత, 2011లో ఆయన కొడుకు జగన్ నాయకత్వంలో వైఎస్ఆర్ కాంగ్రెస్ వచ్చింది. ఆ ఏడాది మేలో కడప లోక్‌సభ ఉపఎన్నికలో జగన్ ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. సీమలో ఎంతోమంది కాంగ్రెస్ ఓటర్లు తాము పార్టీ మారామని ఈరోజుకీ అనుకోరు. పార్టీయే తమను వదిలేసింది, తాము రాజశేఖరరెడ్డితోనే ఉన్నాం అనుకుంటారు. హస్తం మీద నొక్కిన వేలు ఫ్యాను మీదికి జరగడానికి ఎక్కువ శ్రమ పడలేదు.

ఇప్పటి పరిస్థితి దీనికి భిన్నం. రెండు పార్టీల మధ్యే ఊగుతున్న రాష్ట్రంలో, ఒకదాని మీద విరక్తి కలిగినవాడికి రెండోది తాత ముత్తాతల నుంచి వచ్చిన శత్రువు. మధ్యలో జనసేన కొంతమందికి దారి అయ్యింది. తెలుగుదేశంతో పొత్తులో ఉన్నా దాని గ్లాసు గుర్తు మీద నొక్కితే పాత శత్రువుకు వేసినట్టు అనిపించలేదు. 2024లో జనసేన పోటీ చేసిన 21 సీట్లూ గెలవడంలో ఈ వెసులుబాటు పాత్ర ఉంది. ఆ దారి కూడా లేనివాళ్లు ఇంట్లో కూర్చున్నారు.

ఇల్లంతా ఒకేలా విరక్తి చెందదన్నది కూడా గుర్తుంచుకోవాలి. బెంగళూరులో నెల జీతం తీసుకునే కొడుకుకు రోడ్లు, రాజధాని, ఉద్యోగాలు ముఖ్యం. ఊళ్లో ఉన్న తల్లికి ఒకటో తారీఖు పెన్షన్ ముఖ్యం. 2024 జనవరిలో అది 3,000 అయ్యింది, జులై నుంచి కొత్త ప్రభుత్వం 4,000 చేసింది. కొడుకు ఫోన్ చేసి ‘ఈసారి వాళ్లకు వెయ్యకమ్మా’ అంటే, ‘నీకేం నాయనా, నువ్వు ఆడ ఉండావు’ అంటుంది. ఆ ఒక్క మాటలో చాలా ఉంది. పార్టీ మీద అలగగలగడానికి కూడా కొంత స్తోమత కావాలి. నగరంలో ఉన్నవాడు తన విసుగును ఊరంతటి విసుగు అనుకుంటే పొరబడతాడు. 2024 ఫలితం చూశాక తమ వల్లే ప్రభుత్వం మారిందని నగరాల నుంచి వెళ్లినవాళ్లు చాలామంది చెప్పుకున్నారు. వాళ్ల ఉత్సాహం నిజమే. కానీ ఉమ్మడి అనంతపురంలో పద్నాలుగు సీట్లు మార్చింది ఊళ్లో ఉండి, పెన్షన్ తీసుకుంటూ, ఎవరికీ చెప్పకుండా వేలు జరిపినవాళ్లే.

ఇక ఊరి ఓటు మీద ఆశ పోయినవాడు బెంగళూరు ఓటు వైపు చూస్తాడా? చట్టం ఒక మనిషికి ఒకే చోట ఓటు ఇస్తుంది. ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదని 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 17వ సెక్షన్ చెబుతుంది, తప్పుడు డిక్లరేషన్‌కు ఏడాది వరకు జైలు ఉంది. మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటు. ఈ లెక్కన ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నవాడి ఓటు ఇక్కడే ఉండాలి. చాలామంది మార్చుకోరు. మార్చుకుంటే ఊరితో ఉన్న చివరి దారం తెగిపోతుందన్న బాధ ఒకటి, ఇక్కడ ఓటేసి ఏం ఉద్ధరిస్తాం అన్న నిరాసక్తి ఒకటి. రెండోదానికి కారణం లేకపోలేదు. బెంగళూరు పాలికెకు, అంటే నగర కార్పొరేషన్‌కు, చివరిసారి ఎన్నికలు జరిగింది 2015లో. 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల పదవీకాలం ముగిశాక ఏళ్ల తరబడి వీధి దీపం గురించి అడగడానికి ఎన్నికైన మనిషే లేకుండా పోయాడు.

అయినా ఇక్కడి ఓటు విలువ తక్కువేమీ కాదు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో జయనగర ఫలితం తేలడానికి అర్ధరాత్రి దాకా మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు. చివరకు బీజేపీ అభ్యర్థి కాంగ్రెస్ అభ్యర్థి మీద పదహారు ఓట్ల తేడాతో గెలిచారు. పదహారు ఓట్లంటే ఒక అపార్ట్‌మెంటులో ఒక అంతస్తు. ఆ రోజు ఇంట్లో ఉండిపోయిన పాత అభిమానులు ఆ నియోజకవర్గంలో రెండు వైపులా అంతకంటే ఎక్కువే ఉండి ఉంటారు.

ఊళ్లో పోలింగ్ బూత్ బయట టెంటు కింద కూర్చునే పార్టీ ఏజెంటు దగ్గర ఓటర్ల జాబితా ఉంటుంది. వచ్చిన పేరు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెడతాడు. బయట ఊళ్లలో ఉన్నవాళ్ల పేర్ల పక్కన ‘బెంగళూరు’, ‘హైదరాబాద్’ అని ముందే రాసి పెట్టుకుంటాడు. పోలింగుకు రెండు రోజుల ముందు ఆ పేర్లన్నిటికీ వరసగా ఫోన్లు చేసి ‘వస్తున్నావు కదన్నా’ అని అడుగుతాడు. సాయంత్రం ఆరు దాటాక టిక్కులు లెక్కపెట్టుకుని జాబితా మడిచి జేబులో పెట్టుకుంటాడు. టిక్కు పడని పేర్లకు మర్నాడు ఫోన్ చేసి ‘ఎందుకు రాలేదన్నా’ అని అడిగినవాళ్లు ఏ పార్టీలోనూ పెద్దగా కనిపించరు.